బయట పెట్టిన మాటలు

సన్యాసిరావు తలలో చిప్పు అమర్చి నాలుగు నెలలు నిండిన వారంలో, అతని భార్య కనకం రుషికొండ మీది ప్రయోగశాలకి ఒక్కతే వచ్చింది. వస్తున్నట్టు ఫోను చేయలేదు. ఎడమ అరచేతికి తెల్లటి గుడ్డ కట్టుకుని ఉంది.

హైమవతి అప్పుడు ఆ నెల ఫలితాల పట్టిక చూసుకుంటోంది. ప్రయోగశాల ఆమెదే. పట్టికలో సన్యాసిరావు పేరు పక్కన తొంభై నాలుగు అని ఉంది. మతిమరుపు జబ్బు మింగేసిన జ్ఞాపకాల్లో నూటికి తొంభై నాలుగు తిరిగి వచ్చాయని దాని అర్థం. అంత అంకె అంతవరకు ఏ రోగికీ రాలేదు.

"చేతికేమైంది కనకం?"

"పెనం తగిలింది. అది కాదక్కా, నేను వేరే సంగతి అడగడానికొచ్చాను." కనకం కుర్చీలో కూర్చుంది గానీ వెనక్కి ఆనలేదు. "మా ఇంట్లో ఉన్నది మా ఆయనేనా?"

హైమవతి నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయింది.

"నిన్న పొద్దున్న దోసెలేస్తుంటే కాలింది. అమ్మా అన్నాను. ఆయన హాల్లోంచి వచ్చీసి 'జాగ్రత్త కనకం' అన్నారు. అనీసి వెళ్ళి కూర్చున్నారు. కట్టు కట్టుకుని వెళ్ళి ఎదురుగా నిలబడితే 'చేతికేమైంది?' అన్నారు. చెప్పాను. 'జాగ్రత్త కనకం' అన్నారు. మధ్యాన్నం మళ్ళీ అదే. సాయంత్రం మళ్ళీ అదే. నాలుగుసార్లూ ఒకటే గొంతు. వెంట్రుకవాసి తేడా లేదు."

"మరిచిపోవడం జబ్బు లక్షణం కదా కనకం. అది పూర్తిగా పోవడానికి ఇంకా..."

"మరిచిపోవడమంటే ఏటో నాకు తెల్దా? రెండేళ్ళు చూశాను. అప్పుడు మరిచిపోయినా, అడిగిన ప్రతిసారీ కంగారు పడీవారు. ఇప్పుడు ఆ కంగారు లేదు. మాట వస్తోంది, మనిషి రావట్లేదు." ఆమె కట్టుగుడ్డ అంచు సరిచేసుకుంది. "ఆ నడుముకున్న పెట్టె అంటోందక్కా. ఆయన అనట్లేదు."

ఆ పెట్టె వెనకున్న ఆలోచన నిజానికి హైమవతిది కాదు. సన్యాసిరావుదే. అదీ ఇప్పటిది కాదు.

ముప్పై ఎనిమిదేళ్ళ కిందట, డాబాగార్డెన్స్‌లో ఒక మేడ మీద రెండు గదుల్లో చిన్న కంపెనీ ఒకటి ఉండేది. చదువు పూర్తయి ఏడాది తిరగని హైమవతి, సన్యాసిరావు అక్కడ కూర్చుని తెలుగులో ఒక కంప్యూటర్ ఆట తయారుచేశారు. దాని పేరు గవ్వల గుహ. ఆడేవాళ్ళు తెర మీద కనిపించే గుహల్లో దారి వెతుక్కుంటూ తిరగాలి. కింద వరసగా 'చూడు', 'తీసుకో', 'తెరువు', 'మాట్లాడు' అని ఉంటాయి. అందులో ఒకటి నొక్కి, తర్వాత ఏదైనా వస్తువు మీద నొక్కితే ఆట జవాబు చెబుతుంది. 'తలుపు మూసి ఉంది.' 'అది నీ దగ్గర లేదు.' 'ఇక్కడ చూడటానికేమీ లేదు.' 'నిజంగా వెళ్ళిపోతావా?' ఇలాంటివి నాలుగు వందల పైచిలుకు వాక్యాలు.

ఆనాటి యంత్రాలకి ఉండే మెమరీ బహు తక్కువ. ఆడేవాళ్ళు ఏడో గుహలో అడుగుపెట్టగానే అది నిండిపోయి తెర నల్లబడిపోయేది. హైమవతి బొమ్మలు తగ్గించింది. సంగీతం తీసేసింది. అయినా ఏడో గుహ తెరుచుకోలేదు.

ఒక మధ్యాహ్నం సన్యాసిరావు పులిహోర పొట్లం విప్పుకుంటూ అన్నాడు. "ఈ మాటలన్నీ ఆట లోపల మోయడం దేనికి హైమా? తలుపు మూసి ఉందన్న సంగతి ఆటకి తెలిస్తే చాలు. ఆ సంగతి చెప్పే వాక్యం దానికెందుకు? వాక్యాలన్నీ తీసి డిస్కులో వేరే ఫైల్లో పడేద్దాం. లోపల ఒట్టి నంబర్లు ఉంచుదాం. నూట పన్నెండు అనగానే వెళ్ళి నూట పన్నెండో లైను తెచ్చి చూపించడం, చూపించాక వదిలేయడం."

సాయంత్రానికి చేసి చూశారు. ఏడో గుహ తెరుచుకుంది. ఆ తర్వాత ఇంకో నాలుగు గుహలకి చోటు మిగిలింది.

దాని వెనకే జరిగిన సంగతి ఒకటి హైమవతి ఎవరికీ చెప్పుకోలేదు. కంప్యూటర్ ప్రదర్శనకి ముందు రోజు ఆమె ఆ ఫైలు మధ్యలో కొత్త వాక్యం ఒకటి ఇరికించి, నంబర్లు సరిచేయడం మరిచిపోయింది. దాంతో ఆ కింది వాక్యాలన్నీ ఒక్కొక్క లైను జరిగిపోయాయి. మర్నాడు ఊళ్ళో పెద్దమనుషుల ఎదుట ఆటలో దీపం తీసుకోబోతే 'నిజంగా వెళ్ళిపోతావా?' అని వచ్చింది. తలుపు తెరవబోతే 'దాన్ని తినలేవు' అని వచ్చింది. చూసేవాళ్ళు పడీపడీ నవ్వారు. కంపెనీ యజమాని నవ్వలేదు. ఎవరి నిర్వాకమిది అని అడిగాడు. మాటలు బయట పెట్టే పద్ధతి సన్యాసిరావుది కనుక అందరూ అతని వైపే చూశారు. హైమవతి నోరు విప్పలేదు. ఆ వారంలోనే అతని ఉద్యోగం పోయింది.

మూడు వారాల తర్వాత అతను ఆమె ఇంటికి వచ్చాడు. "ఆ లైను నువ్వు పెట్టిందే. అందులో 'గవ్వ'కి వత్తు లేదు. ఎప్పుడూ నువ్వే కదా మరిచిపోతావు" అన్నాడు. ఆమె ఏడ్చింది. అతను కాఫీ అడిగి తాగి, "అయిపోయిందిలే, మళ్ళీ ఎవరి దగ్గరా అలా చెయ్యకు" అని లేచాడు. తర్వాత ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంటూ పెళ్ళి చేసుకున్నాడు, కూతుర్ని పెంచాడు. హైమవతి పెద్ద చదువులు చదివి, దెబ్బతిన్న మెదడుకి సాయపడే యంత్రాల పనిలో దిగింది. పేరు తెచ్చుకుంది. ఏళ్ళ తరబడి ఎన్ని బహుమతులు అందుకున్నా, ఆ రోజు అతను అన్న రెండు ముక్కల కంటే విలువైనది తనకి ఎవరూ ఇవ్వలేదని ఆమెకి తెలుసు.

అరవయ్యో ఏట సన్యాసిరావుకి మతిమరుపు మొదలైంది. మొదట తాళాలు, తర్వాత మనుషుల పేర్లు, తర్వాత రోజులకి రోజులు. అప్పటికి హైమవతి బృందం చేసిన చిప్పు మనుషుల మీద ప్రయోగానికి సిద్ధంగా ఉంది. గోరంత ఉంటుంది. రోగి చేత నెలల తరబడి తన జీవితం చెప్పించి, చెబుతున్నప్పుడు మెదడులో వెలిగే దారుల్ని అందులో రాసిపెడతారు. ఆ తర్వాత మెదడులో ఆ దారి చెరిగిపోయినా చిప్పు దాన్ని మళ్ళీ వెలిగిస్తుంది. చిక్కల్లా చోటుతోనే. చిప్పు పెద్దదైతే వేడెక్కుతుంది, ఆ వేడికి మెదడు కమిలిపోతుంది. అందుకని జ్ఞాపకాలు పట్టే గడులు వెయ్యికి మించి పెట్టడానికి డాక్టర్ సువార్త ఒప్పుకోలేదు. శస్త్రచికిత్స చేసేది ఆవిడే.

సన్యాసిరావు జీవితం కొలిస్తే పన్నెండు వందల డెబ్భై గడులైంది. అందులో మూడు వందల ఇరవై ఉత్త చిన్న మాటలే. 'తిన్నావా', 'వస్తా', 'జాగ్రత్త', 'చాలు', 'ఏం లేదులే', 'ఎప్పుడొచ్చావు' లాంటివి. రోజుకి వందసార్లు అనే మాటలు కనుక మెదడు నిండా అల్లుకుపోయి ఉన్నాయి.

ఆ రోజు అతనికి మనసు తేటగా ఉంది. కొలతల కాగితం చూసి పెద్దగా నవ్వాడు. "గవ్వల గుహలాగే ఉంది హైమా. అవి బయట పెట్టెయ్. లోపల నంబర్లు చాలు."

ఆమెకి అది చక్కటి ఆలోచనగానే తోచింది. అలాగే చేశారు. చిన్న మాటలన్నీ అతని గొంతుతోనే అగ్గిపెట్టెంత యంత్రంలోకి ఎక్కించి నడుముకి కట్టారు. సందర్భాన్ని బట్టి చిప్పు నంబరు అడుగుతుంది, పెట్టె మాట అందిస్తుంది, అతని నోరు పలుకుతుంది. పెళ్ళి, కూతురు గిరిజ పుట్టుక, తల్లి, పాఠాలు, గవ్వల గుహ, అన్నీ లోపల పట్టాయి.

కనకం వచ్చి వెళ్ళిన మర్నాడు హైమవతి పెదవాల్తేరులో వాళ్ళింటికి వెళ్ళింది. సన్యాసిరావు తలుపు తీసి, "ఎప్పుడొచ్చావు హైమా? రా, కూర్చో" అన్నాడు. సంచీ పుచ్చుకుని రైతుబజారుకి బయల్దేరుతూ ఉన్నాడు. ఆమె కూడా వెంట నడిచింది. దారి పొడుగునా గిరిజ పుట్టిన రోజు సంగతి చెప్పాడు. ఆస్పత్రి వరండాలో బల్ల రంగు, బయట గొడుగు మరిచిపోయి తడిసిన వాచ్‌మన్, నర్సు మొదట పాప కాళ్ళు చూపించడం, ఒక్కటీ వదల్లేదు. హైమవతి మనసులో గర్వపడింది.

టమాటాల దుకాణం దగ్గర పెట్టె మీది పచ్చదీపం ఆరిపోయింది. రాత్రి ఛార్జింగు పెట్టడం ఎవరో మరిచిపోయినట్టున్నారు. దుకాణంలో ఉన్నావిడ తక్కెడలో కాయలు వేస్తూ పోతోంది. సన్యాసిరావు చూస్తూ నిలబడ్డాడు. చాలు అనాలి. అతనికి ఆ సంగతి తెలుసు, చెయ్యి కొద్దిగా లేచింది, పెదవులు కదిలాయి. మాట రాలేదు. తక్కెడ నిండి కాయలు కింద దొర్లాయి.

"చాలంటే చాలనండి బాబూ, బొమ్మలా చూస్తారేటి?" అందావిడ.

అతను హైమవతి వైపు తిరిగాడు. ఆ చూపు చూసి ఆమె తన సంచీలో ఉన్న అదనపు బ్యాటరీ తీసి పెట్టెకి తగిలించింది. వెంటనే అతను ఎంతో మామూలుగా, నవ్వుతూ, "చాలు చాలు" అన్నాడు. కింద పడ్డ కాయల సంగతి అప్పటికే అతని మనసులో లేదు.

ప్రయోగశాలకి తిరిగి వచ్చి హైమవతి నాలుగు నెలల లెక్కలు తెరిచింది. చిప్పులో కొత్త రోజుల కోసం యాభై గడులు వదిలిపెట్టారు. ఆ గడులు నిండుతున్నాయా అని ఎవరూ చూడలేదు. అందరూ చూసింది పాత జ్ఞాపకాల అంకెనే. ఆమె ఇప్పుడు చూసింది. యాభైలో నలభై ఏడు ఖాళీగా ఉన్నాయి. నిండిన మూడూ పెట్టెలో ఛార్జింగు లేని రోజులవి.

ఆమె డాక్టర్ సువార్తని పిలిచి తెర చూపించింది.

"నాకర్థమయ్యేలా చెప్పండి" అంది సువార్త.

"తిన్నావా అని మనం అడుగుతాం. లేదని చెబితే ఎందుకు తినలేదంటాం. ఆ చిన్న మాటని పట్టుకుని ఆ పూట మొత్తం లోపలికి పోతుంది. ఎవరు, ఎక్కడ, ఏ మొహంతో జవాబు చెప్పారు, అన్నీ. మాట బయటి నుంచి వస్తే లోపలికి పోవడానికి దారి లేదు. ఆయన నోటితో అడుగుతున్నాడు, కానీ ఆయనకి ఆ పూట జరగట్లేదు."

సువార్త తెర మీది ఖాళీ గడులు లెక్కపెట్టింది. "వచ్చే నెల పరిశీలకులు వస్తున్నారు. ఆ తొంభై నాలుగు చూసి ఇంకో నలభై మందికి అనుమతి ఇస్తారు."

"తెలుసు. ఆ నలభై మందికీ మాటలు బయట పెడతాం. అందుకే చెబుతున్నాను."

మాటలు తిరిగి లోపల పెట్టాలంటే మూడు వందల ఇరవై గడులు ఖాళీ చేయాలి. అంటే జీవితంలో ఒక ముక్క తీసేయాలి. అది సన్యాసిరావు చెప్పవలసిన విషయం. కానీ ఈ రోజు చెప్పింది అతనికి రేపు గుర్తుండదు. అందుకని సువార్త ఒక షరతు పెట్టింది. మూడు వేర్వేరు రోజుల్లో, మొదటి నుంచి చెప్పి అడగాలి. మూడుసార్లూ ఒకటే జవాబు వస్తేనే చేస్తుంది.

మొదటి రోజు వాళ్ళింటి వరండాలో హైమవతి అచ్చు వేసిన కాగితాలు అతని ముందు పెట్టింది. సన్యాసిరావు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క పేజీ తిరగేశాడు. ఆలోచించి చెప్పే మాటలకి అతనికి పెట్టెతో పని లేదు. తడుముకోకుండా వచ్చే మాటలే పెట్టెవి.

"నలభై ఏడు ఖాళీ" అన్నాడు చివరికి. "అంటే ఈ నాలుగు నెలలూ కనకం ఒక్కతే ఉందన్నమాట ఇంట్లో."

కనకం గడప దగ్గర చిక్కుడుకాయల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"తప్పు నాదే. ఆటలో ఆ మాటలు ఎదటివాడి కోసం. ఆటకి వాటితో పని లేదు, నిజమే. మనిషికి అలా కాదని తట్టలేదు." అతను ఆఖరి పేజీ తీశాడు. అందులో అతని జీవితం ముక్కలుగా, ఒక్కొక్క దాని పక్కన గడుల సంఖ్యతో ఉంది. గిరిజ చిన్నతనం రెండు వందల ఎనభై. పెళ్ళి, తొలి రోజులు రెండు వందలు. అమ్మ నూట ముప్పై. గవ్వల గుహ, హైమవతి స్నేహం, మూడు వందల ముప్పై. వేలితో ఆ ఆఖరి వరస మీద ఆగాడు.

"ఇది తీసెయ్."

"ఏటండీ అది" అంది కనకం. "అది తీసీస్తే హైమక్క ఎవరో మీకు తెల్దు. ఈ గేటు దగ్గర నిలబడినా తెల్దు."

"గిరిజని తియ్యనా? నిన్ను తియ్యనా? అమ్మ ఇంకెవరి దగ్గరుంది?" అతను హైమవతి వైపు తిరిగాడు. "ఇదొక్కటే ఇంకోచోట ఉంది. ప్రతి రోజూ, ప్రతి గుహా నీకు నాకంటే బాగా గుర్తు."

"పెట్టెలో పెడతాను" అంది హైమవతి గబగబా. "చిన్న మాటలు లోపలికి తెచ్చి, ఇది బయట పెడతాను. పోదు."

"వద్దు. పెట్టెలో ఉంటే నిన్ను చూడగానే గడగడా అప్పజెప్తాను. అందులో నేనుండను. అలా వినడం నీకిష్టమా?"

ఆమె కాగితాలు దగ్గరికి లాక్కుంది. కనకం లోపలికి వెళ్ళాక నెమ్మదిగా అంది. "అందులో ఆ ప్రదర్శన సంగతి కూడా ఉంది సన్యాసీ. నువ్వు మా ఇంటికొచ్చి అన్న మాట ఉంది."

"అదీ నీ దగ్గరుంటుందిగా."

"నా దగ్గరుంటే ఏం లాభం? ఇచ్చింది నువ్వు. ఇచ్చినవాడికే గుర్తు లేకపోతే..."

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నీకు కష్టమే" అన్నాడు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "కానీ నీకు నేను కాక ఇంకా మనుషులున్నారు. కనకానికి ఈ పూట మాట్లాడ్డానికి ఎవరూ లేరు" అన్నాడు.

మర్నాడు మొదటి నుంచి చెప్పారు. అతను కొత్తగా విన్నాడు, కొత్తగా నొచ్చుకున్నాడు, ఆఖరి పేజీలో అదే వరస మీద వేలు పెట్టాడు. మూడో రోజు హైమవతి కావాలనే గవ్వల గుహ వరసని పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో వేయించింది. అలా చేసినందుకు తనకే సిగ్గేసింది. అతను వెతికి పట్టుకుని అదే చూపించాడు.

పనికి కత్తితో అవసరం లేదు. తలకి టోపీ లాంటిది తొడిగి, గాలిలోంచే చిప్పుకి ఆజ్ఞలు పంపాలి. ఏ గడి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో హైమవతికి తప్ప ఎవరికీ పూర్తిగా తెలియదు. ఒక్క గడి అటూఇటూ అయితే అతని తల్లి చెరిగిపోతుంది. కనుక ఆ పని ఆమే చేయాలి. సువార్త అతని నాడి చూస్తూ పక్కన నిలబడింది.

హైమవతి మొదటి నంబరు, చివరి నంబరు కొట్టింది. పక్కన కాగితం పెట్టుకుని ఒక్కొక్క అంకె పైకి చదివి సరిచూసుకుంది. మూడుసార్లు సరిచూసింది. నాలుగోసారి మొదలుపెడుతుంటే సువార్త, "అంకెలు సరిగ్గానే ఉన్నాయి మేడమ్" అంది.

సన్యాసిరావు కళ్ళు తెరిచే ఉన్నాడు. "ఏడో గుహలో గబ్బిలం ఉండాలా వద్దా అని వారం రోజులు కొట్టుకున్నాం, గుర్తుందా హైమా?" అన్నాడు.

"గుర్తుంది. నువ్వే గెలిచావు."

"గబ్బిలం బాగుంది కదా?"

"బాగుంది" అని ఆమె మీట నొక్కింది.

పన్నెండు నిమిషాలు పట్టింది. తర్వాత చిన్న మాటల్ని లోపలికి ఎక్కించడానికి మూడు గంటలు పట్టింది. అది జరుగుతున్నంతసేపూ ఆమె అతని వెనక వైపే కూర్చుంది.

పరిశీలకులు వచ్చేసరికి అంకె తొంభై నాలుగు నుంచి అరవై ఒకటికి దిగింది. నలభై మందికి అనుమతి రాలేదు. ఆరుగురికి వచ్చింది, అదీ మాటలు లోపలే ఉంచే పద్ధతి మీద. హైమవతి వాదించలేదు. ఖాళీ గడుల పట్టిక మాత్రం నివేదికలో మొదటి పేజీలో పెట్టింది, తన సంతకంతో.

ఆరు వారాల దాకా అతనికి కొత్త మొహాలు చూపించవద్దని సువార్త అంది. ఇప్పుడు హైమవతి కూడా కొత్త మొహమే. ఏడో వారంలో కనకం ఫోను చేసింది.

"రండక్కా. మేము రోజూ పోట్లాడుకుంటన్నాం." ఆమె గొంతులో నవ్వు దాగలేదు. "మాట తడుముకుంటారు, దొరక్కపోతే విసుక్కుంటారు. మొన్న కూరలో ఉప్పెక్కువైందని అలిగీసి, మర్నాడు పొద్దున్న లేవగానే ఆ అలక గుర్తుంచుకుని మాటాడ్డం మానీశారు. మర్నాటికి గుర్తుందక్కా."

హైమవతి ఆదివారం ఉదయం వెళ్ళింది. సన్యాసిరావే తలుపు తీశాడు. నడుముకి పెట్టె లేదు. ఆమెను తేరిపార చూశాడు.

"ఎ... ఎవరు కావాలండీ?"

ఆ మాట తను ఊహించుకున్నదే. రోజూ అద్దం ముందు తనకి తను చెప్పుకుని వచ్చింది. అయినా ఎప్పటిలాగే చెప్పులు విడిచి లోపలికి అడుగు వేయబోయింది.

"హైమవతి గారండీ" అంది కనకం వెనక నుంచి. "చెప్పాను కదా."

అతను మర్యాదగా పక్కకి తప్పుకుని కుర్చీ చూపించాడు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. అది తన చేతి రాతేనట, చికిత్సకి ముందు రాసి పెట్టుకున్నాడట. "నా జీవితంలో ఒక ముక్క మీ దగ్గరుందని ఇందులో ఉందండీ. అడిగి తెలుసుకోమని ఉంది. మీకు తీరిక ఉంటే..."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. డాబాగార్డెన్స్ మేడ, ఎండకి కాలిపోయే రేకుల కప్పు, పదకొండు గుహలు, గబ్బిలం. అతను చెంప మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు. గబ్బిలం దగ్గర నవ్వాడు. "అతను మొండివాడిలా ఉన్నాడే" అన్నాడు. మాటలు బయట పెట్టిన ఉపాయం వినగానే కళ్ళు మెరిశాయి. "భలే" అన్నాడు. కనకం కూడా పని ఆపి వింటోంది. ఆమెకీ ఇవన్నీ కొత్తే.

ప్రదర్శన రోజు దగ్గరికి వచ్చేసరికి హైమవతి ఆగింది. ఇక్కడ ఒక్క వాక్యం మారిస్తే చాలు. పొరపాటు ఎవరిదో తేలలేదు అంటే సరిపోతుంది. కాదనేవాళ్ళు ఈ లోకంలో ఎవరూ లేరు. ఎదురుగా ఉన్న మనిషి తను ఏం చెబితే అదే తన జీవితమని నమ్ముతాడు, రేపు కూడా గుర్తుంచుకుంటాడు.

"ఆ లైను పెట్టింది నేను" అంది. "నంబర్లు మార్చడం మరిచిపోయింది నేను. అందరూ ఆయన్ని చూస్తుంటే నోరు మూసుకున్నది కూడా నేనే."

కనకం చేతిలో పళ్ళెం కింద పెట్టింది.

"అతనికి ఉద్యోగం పోయిందా?" అన్నాడు సన్యాసిరావు.

"పోయింది."

"మీరు చెప్పలేదా, ఆ తర్వాతైనా?"

"లేదు. ఆయనే కనిపెట్టి మా ఇంటికొచ్చాడు. అయిపోయిందిలే, మళ్ళీ ఎవరి దగ్గరా అలా చెయ్యకు అన్నాడు."

అతను లేచి వరండా చివరిదాకా వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి ముఖం ఎర్రబడి ఉంది. "అతను అన్నాడేమో" అన్నాడు. మాట కోసం తడుముకున్నాడు. దొరికింది. "నేను అనలేదు కదండీ."

"ఏటండీ, ఇంటికొచ్చిన మనిషితో..."

"ఉండు కనకం." అతను కూర్చోలేదు. "నాకు కోపమొస్తోంది. అతని తరఫునో, నా తరఫునో తెలియట్లేదు. మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు, అది కూడా తెలుస్తోంది. ఇప్పటికిప్పుడు ఏమీ... ఏమీ అనలేను. రేపు రండి. ఆలోచించుకుని చెప్తాను."

"వస్తాను" అంది హైమవతి.

మేడ మెట్లు దిగి గేటు తీస్తుంటే పైన వాళ్ళిద్దరి గొంతులూ వినిపించాయి. కనకం ఏదో మందలిస్తోంది, అతను ఎదురు చెబుతున్నాడు. తర్వాత చెప్పుల చప్పుడు. సన్యాసిరావు పిట్టగోడ మీదికి వంగి చూశాడు. ముఖంలో కోపం ఇంకా తగ్గలేదు.

"ఏమండీ. పెం... పెందలాడే రండి. పది దాటితే ఎండ."